జెద్దా మేడలో అద్దకం చప్పుడు

నా చేతులు చూడండి. ముప్పై ఏళ్లుగా చెక్క పని చేసిన చేతులివి. వీటి మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. కల కాదు. జ్వరం లేదు ఆ రోజు. కడుపు నిండా అన్నం తిని, టీ తాగి, పనిలోకి దిగిన మనిషిని.

నవ్వకండి. ముందు వినండి.

ఇప్పుడంటే రియాద్ వచ్చి మీ అందరితో కలిసి ఈ మలాజ్ పేట గదిలో ఉంటున్నాను. అప్పుడు జెద్దాలో ఉండేవాణ్ణి. జెద్దాలో పాత ఊరు ఒకటుంది, బలద్ అంటారు. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లతో కట్టిన మేడలు, నాలుగేసి అంతస్తులు. ప్రతి మేడకూ వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. మామూలు కిటికీలు కావు, లోపల ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకునేంతవి. రోషన్ అంటారు వాటిని. వాటి జాలీ పని చూస్తే వడ్రంగికి కడుపు నిండిపోతుంది. ఆ పాత మేడల్ని బాగుచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా చేరాను.

నాది పెడన. బందరు పక్కన. మా నాన్న అద్దకం అచ్చులు చెక్కేవాడు. టేకు చెక్క మీద పువ్వులు, తీగలు, నెమళ్లు. నేను పుట్టిన ఇంటి చుట్టూ అద్దకం బల్లలే. బల్ల మీద గోనెపట్టాలు మడతలు వేసి పరుస్తారు. దాని మీద గుడ్డ. అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు. టక్... ధప్. మళ్లీ రంగు. టక్... ధప్. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎంత ఎడముంటుందో నిద్రలో అడిగినా చెబుతాను. మా అమ్మ జోల కంటే ముందు ఆ చప్పుడే విని ఉంటాను.

తర్వాత స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది. అచ్చులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. నాన్న పోయాక, ఆయన చెక్కిన అచ్చులన్నీ అటక మీదకెక్కించి, నా ఉలులు సంచిలో వేసుకుని ఇక్కడికొచ్చాను. పన్నెండేళ్లు సెంట్రింగ్ చెక్కలు కొట్టాను. ఆ అచ్చులు ఏమయ్యాయని మా అన్నయ్యని ఫోన్లో ఒక్కసారీ అడగలేదు. అడగకపోతే అవి అక్కడే భద్రంగా ఉన్నట్టు నాకు.

అందుకే జెద్దాలో ఆ పని దొరికినప్పుడు... ఎలా చెప్పను... చాలా ఏళ్ల తర్వాత ఉలి పట్టుకుంటే పొద్దుపోయేదాకా కింద పెట్టలేదు. సంతోషంతోనే.

నాకు అప్పజెప్పిన మేడ సందు చివర ఉంది. నాలుగంతస్తులు. దానికి కాపలా యూసుఫ్ భాయ్. కడప మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా ఈ దేశంలోనే ఉన్నాడు, అరబ్బీ వాళ్లలాగే మాట్లాడతాడు. కింద గుమ్మం పక్కన మంచం, ఒక రేడియో, టీ కెటిల్. అంతే ఆయన సంసారం.

రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒక పెద్దాయన కర్ర ఊతంగా వచ్చి గుమ్మం ముందు కుర్చీలో కూర్చునేవాడు. ఆ మేడ వాళ్ల పూర్వీకులదే. ఎనభై దాటాయి. అందరూ అమ్ సాలిహ్ అనేవారు. అమ్ అంటే బాబాయి. మేము కిటికీలు బాగుచేస్తుంటే కింద నుంచి చూస్తూ తనలో తను నవ్వుకునేవాడు.

ఒక సాయంత్రం ఆయన యూసుఫ్ భాయ్‌తో ఏదో చెబుతున్నాడు. నేను టీ తాగుతూ పక్కన కూర్చున్నాను. అరబ్బీ నాకు పనికి సరిపడా తప్ప రాదు. కానీ మధ్య మధ్యలో ఒక మాట చెవిన పడుతోంది. బందర్... బందర్...

"ఏంటి భాయ్, బందరంటున్నాడు?"

"అది మీ బందరు కాదు మేస్త్రీ. అరబ్బీలో బందర్ అంటే రేవు. వీళ్ల మూడో అంతస్తులో ముందెప్పుడో ఒక ఇంగ్లీషు వ్యాపారి ఉండెనంట. ఖవాజా బందర్ అనేటోళ్లంట ఆయన్ను. ఖవాజా అంటే తెల్లోడు. రేవు దొర అనుకో."

"ఏం వ్యాపారం?"

యూసుఫ్ భాయ్ అడిగాడు. పెద్దాయన చెప్పాడు.

"గుడ్డలంట. హిందుస్తాన్ నుంచి వచ్చే పూల గుడ్డలు. చేత్తో అచ్చులు గుద్దినవంట."

నేను టీ గ్లాసు కింద పెట్టి, ఆ గుడ్డ ఏమైనా మిగిలిందేమో అడగమన్నాను.

మర్నాడు అమ్ సాలిహ్ ఇంటి నుంచి ఒక సంచి తెచ్చాడు. అందులో ఇంకో సంచి. దాన్లో జేబురుమాలు కంటే కొంచెం పెద్ద గుడ్డ ముక్క. మడతల దగ్గర చీకిపోయింది. ఎరుపు వెలిసి ఇటుక రంగైంది. నలుపు మాత్రం చెక్కు చెదరలేదు. బెల్లం, ఇనుము కలిపి ఊరబెట్టి తీసిన నలుపు... ఎందుకు చెదురుతుంది? నేను ముట్టుకోలేదు. వంగి చూశాను. తీగ మలుపు తిరిగే చోట ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ మధ్య వెంట్రుకంత ఎడం. అచ్చు ఆనించిన మనిషి చెయ్యి ఒక్క క్షణం తొట్రుపడిన జాడ అది.

"భాయ్, ఈయనకి చెప్పు. అది రేవు కాదు. మా బందరే. ఇది మా దగ్గరి పని."

యూసుఫ్ భాయ్ చెప్పగానే పెద్దాయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఆపకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ముత్తాత కింది అంతస్తులో ఉండేవాడు, దొరకు వ్యాపారంలో భాగస్తుడు. ఆ ఇంట్లో తరం నుంచి తరానికి చెప్పుకుంటూ వచ్చిన కథ అది. యూసుఫ్ భాయ్ ఒక్కో మాటా తెలుగులోకి తిప్పి చెబుతుంటే విన్నాను.

ఆ దొర మీసాలు రాని వయసులోనే ఇంగ్లండు నుంచి ఓడెక్కాడట. బందరులో ఒక వర్తకుల కొట్లో గుమాస్తాగా చేరాడట. పద్దెనిమిదేళ్లు అక్కడే. అద్దకం వాళ్ల మధ్య తిరిగి తిరిగి వాళ్ల భాష నేర్చాడు. నిద్రలో కూడా ఆ భాషే మాట్లాడేవాడట. అక్కడి మనిషినే ఇల్లాలిగా చేసుకున్నాడు. ఒక ఆడపిల్ల పుట్టింది.

తర్వాత సొంత వ్యాపారం. హజ్‌కు వచ్చే జనం ఆ గుడ్డలు ఇష్టంగా కొంటారని విని, ఇంటివాళ్లను బందరులోనే ఉంచి జెద్దా వచ్చాడు. ఈ మేడ మూడో అంతస్తు తీసుకున్నాడు. గుడ్డలు దిగేవి. కాఫీ గింజలు, ముత్యపు చిప్పలు ఎక్కేవి. రెండేళ్లు చూసుకుని తిరిగి వెళ్లిపోదామనుకున్నాడట.

రెండేళ్లు ఐదయ్యాయి. మనకు తెలియంది కాదుగా ఇది... ఈ గదిలో రెండేళ్లకని వచ్చి అంతలోనే తిరిగి వెళ్లినవాడు ఎవడున్నాడు చెప్పండి?

ఇంతలో ఆయన దేశం నుంచే మిల్లు గుడ్డ వచ్చిపడింది. అవే పూలు, అవే తీగలు. చవక. ఆయన కూడా అదే అమ్మాడట, ఏం చేస్తాడు. కానీ ఒంటి మీద మాత్రం ఎప్పుడూ బందరు గుడ్డే.

అప్పుడొక ఓడ కబురు తెచ్చింది. సముద్రం ఊరి మీదకొచ్చింది, ఊరు ఊరే నీళ్లలో కొట్టుకుపోయింది అని.

యూసుఫ్ భాయ్ ఆ మాట చెప్పగానే అదేదో నాకు తెలిసిపోయింది. బందరు ఉప్పెన... నూటయాభై ఏళ్ల పైమాట. మా వైపు పిల్లాడికి కూడా తెలుసు. మా తాత వాళ్ల పెద్దలు చెప్పిన మాటలు మా తాత మాకు చెప్పేవాడు... కొబ్బరిచెట్ల మీద శవాలు వేలాడాయని.

"మరి ఆయన ఇంటివాళ్లు?" అన్నాను.

యూసుఫ్ భాయ్ అడిగాడు. అమ్ సాలిహ్ తల అడ్డంగా ఊపాడు.

"తెలీదంట మేస్త్రీ. పోయినారనీ కబురు రాలా. ఉండారనీ రాలా. రెండుతూర్లు ఓడెక్కినాడంట పోయి చూద్దామని. రెండుతూర్లూ మళ్లీ దిగి వచ్చేసినాడంట."

"ఎందుకు?"

ఈసారి పెద్దాయన యూసుఫ్ భాయ్ అడగక ముందే, నన్ను చూస్తూ జవాబు చెప్పాడు. ప్రశ్న అర్థమైనట్టుంది. యూసుఫ్ భాయ్ దాన్ని తెలుగులో చెప్పాడు.

"పోకుండా ఉంటే వాళ్లు బతికుండారని అనుకోవచ్చు కదా... అదీ మతలబు."

ఆ తర్వాత దొర ఎటూ వెళ్లలేదు. హిందుస్తాన్ నుంచి ఎవరు దిగినా ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడట. ఒకటే ప్రశ్న అడిగేవాడట... నీది ఏ ఊరు, బందరేనా అని. ముసలివాడై, మూడో అంతస్తులో, ఆ రోషన్ పక్కనే పోయాడట. అప్పట్లో సముద్రం ఆ కిటికీలోంచి కనబడేది. ఇప్పుడు పూడ్చుకుంటూ పోయి దూరం జరిపేశారు.

నేను బాగుచేస్తున్నది ఆ కిటికీనే.

ఇక ఆ రాత్రి సంగతి.

వేసవి. పగలు ఎండకు చెక్క ముట్టుకుంటే కాలేది. అందుకని సాయంత్రం పని పెట్టుకునేవాళ్లం. గురువారం అది. మిగతావాళ్లంతా మర్నాడు శుక్రవారం సెలవని క్యాంపుకెళ్లిపోయారు. రోషన్ జాలీలో ఒక్క పలక మిగిలింది. ఆదివారం ఇంజనీర్లు చూడ్డానికొస్తారు. ఆ ఒక్కటీ బిగించేసి వస్తానని నేనుండిపోయాను. కింద యూసుఫ్ భాయ్ ఉన్నాడు. రాత్రి ఇషా బాంగు అయ్యి కాసేపైంది. తొమ్మిది దాటింది.

మూడో అంతస్తులో రెండు గదులు. ఒకటి రోషన్ ఉన్నది, నేనున్నది. దాని పక్కది... ఇది బాగా గుర్తుపెట్టుకోండి... పక్క గదికి నేల లేదు. దూలాలు పుచ్చిపోతే పలకలన్నీ పీకేశారు. ఏడెనిమిది దుంగలు అడ్డంగా ఉన్నాయి, వాటి కింద రెండో అంతస్తు దాకా ఖాళీ. ఎవరూ పొరపాటున కాలు పెట్టకుండా మధ్య గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర కట్టి, దుమ్ము రాకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా వేలాడదీశారు.

నేను పలక అంచు చెక్కుతున్నాను. ఒక్క లైటు. దాని చుట్టూ పురుగులు. కింద రేడియో సన్నగా వినిపిస్తోంది.

టక్... ధప్.

యూసుఫ్ భాయ్ ఏదో కొడుతున్నాడనుకున్నాను. ఉలి ఆపలేదు.

టక్... ధప్.

కాసేపు ఏమీ లేదు.

టక్... ధప్.

ఈసారి ఉలి ఆగింది. చెయ్యి తనంతట తనే ఆగింది. ఎందుకంటే... ఆ ఎడం. ఆ రెంటి మధ్య ఎడం. తర్వాత రంగులో అద్దేంత సేపు నిశ్శబ్దం. మళ్లీ టక్. మళ్లీ ధప్. కర్ర మీద కర్ర కొట్టిన చప్పుడు కాదది. గోనెపట్టాల మీద, తడి గుడ్డ మీద, పిడికిలి గుద్దు. మెత్తగా. ఎక్కడో దూరంగా కాదు.

పక్క గదిలో.

భయమేసిందా అంటే... ముందు వేయలేదు. నిజం చెబుతున్నాను. ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండేళ్లు దాటింది ఆ చప్పుడు విని. మా ఇంటి అరుగు, రంగు అంటిన మా నాన్న గోళ్లు, బడి నుంచి వస్తూ లెక్కపెట్టుకుంటూ నడిచిన ఆ గుద్దులు... అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. అలాగే కళ్లు మూసుకుని విన్నాను. ఎంతసేపో తెలియదు.

తర్వాత వాసన వచ్చింది. కరక్కాయ. గేదెపాలు. అవి కలిపి నానబెట్టి ఆరేసిన గుడ్డ వాసన. పెడనలో పుట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు అది. కొంచెం పులుపు, కొంచెం వెన్న.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఆ గదికి నేల లేదు.

చప్పుడు ఆగింది. నేను కళ్లు తెరిచిన క్షణంలోనే ఆగింది.

కింద రేడియో కూడా వినిపించడం లేదు. వీధిలో మోటారు చప్పుడు లేదు. లైటు గుయ్యిమంటోంది... అదొక్కటే.

అప్పుడు... అడుగు.

చెక్క పలక మీద అడుగు వేస్తే వచ్చే కిర్రు. పాత పలక. ఒక అడుగు... ఆగి... ఇంకో అడుగు. కాలు ఈడుస్తున్నట్టు. పీకేసిన పలకల మీద, లేని నేల మీద, ఎవరో గుమ్మం వైపు వస్తున్నారు.

నేను లేవలేకపోయాను. ఉలి చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకున్నది నా చెయ్యేనా అనిపించింది.

ప్లాస్టిక్ పట్టా లోపలికి... నా వైపుకి... కొంచెం ఉబ్బింది. మళ్లీ వెనక్కెళ్లింది. ఊపిరిలాగా. మళ్లీ ఉబ్బింది. ఈసారి వెనక్కెళ్లలేదు. మనిషి ఛాతీ ఎత్తున ఒక చోట మాత్రం నొక్కుకుంది. అవతల నుంచి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు.

"ఎవరది?"

తెలుగు.

ముసలి గొంతు. 'ర' పలకడం కొంచెం తేడా, నాలుక మరీ మడిచినట్టు. మిగతాదంతా మా ఊరి మాటే. మా తాత నాటి మాట.



"ఏ వూరయ్యా?"

"పెడనండి," అన్నాను.

చూశారా... అంత భయంలోనూ 'అండి' అన్నాను. ఆ గొంతు అలా ఉంది. పెద్దవాళ్ల గొంతు.

"పెడనా..."

ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు అన్నాడు.  తర్వాత...

"కాలవకు నీళ్లు వదిలినారా?"

గుడ్డ అద్దాక పారే నీళ్లలో జాడించాలి. కాలవ కట్టేస్తే మా పని ఆగిపోతుంది. అద్దకం వాళ్లు ఎక్కడ కలిసినా ముందు అడిగేది అదే. ఉప్పు ధర కాదు, ఊరి కబురు కాదు. అదే.

"వదిలారండి."

ప్లాస్టిక్ మీద ఆ నొక్కు ఇంకొంచెం లోతైంది. వేళ్లు కనిపించాయా అంటే... కనిపించాయనే అనుకుంటున్నాను. ఐదు.

"సముద్రం వచ్చిందన్నారు..."

గొంతు అక్కడ తెగింది. మళ్లీ వచ్చేసరికి ముసలివాడి గొంతులా లేదు. చిన్నపిల్లాడు భయపడుతూ అడిగినట్టుంది.

"మావాళ్లు..."

అంతే.

నాకు గుర్తున్నది అంతే. ప్రమాణంగా అంతే.

తర్వాత నేను రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. యూసుఫ్ భాయ్ నా మొహం మీద నీళ్లు చల్లుతున్నాడు. ఫోన్లో చూస్తే పదిన్నర దాటింది. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఎవరితో మాట్లాడ్తాండావు మేస్త్రీ అంతసేపు?"

"అంతసేపేంటి భాయ్... రెండు మాటలు..."

"రెండు మాటలా? గంటకు పైన. ఫోన్లో ఇంటితో మాట్లాడ్తాండావని పైకి రాలా నేను. నవ్వినావు కూడా."



"అవతలి మాట విన్నావా?"

"లేదబ్బా. నీ గొంతొకటే ఇనపడె. నువ్వే ఆగేది, మళ్లీ చెప్పేది. ఎవరో అడుగుతాంటే చెప్పినట్టు."

"ఏం చెప్పాను?"

యూసుఫ్ భాయ్ నా వైపు అదోలా చూశాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు ముందు. కాదని నా మొహం చూసి తెలుసుకున్నాడు. పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇళ్లు నిలబడే ఉండాయండీ అంటివి. నీళ్లు గుమ్మం దాకా వచ్చి పోయినాయి అంతే అంటివి. అందరూ బాగుండారండీ, మీ గురించే అడుగుతా ఉంటారు అంటివి. చిట్టెమ్మ పెద్దదయింది, పెళ్లయింది, మీ పోలికే అంటివి. చిట్టెమ్మ ఎవరు మేస్త్రీ? మీ బిడ్డనా?"

నాకు ఇద్దరూ మగపిల్లలు.

చిట్టెమ్మ అనే పేరు నాకు ఎవరూ చెప్పలేదు. అమ్ సాలిహ్ కథలో పేర్లు లేవు. కానీ... మా వైపు ఏ ఆడపిల్లనైనా ముద్దుగా పిలిచే పేరేగా అది. నోటికి అదే వచ్చి ఉంటుంది. దొర కథ నేను విన్నదేగా, అలసిపోయిన బుర్ర ఆడించిన నాటకమే అయి ఉంటుంది. ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో.

తెల్లారాక యూసుఫ్ భాయ్‌ని తోడు తీసుకుని పైకెళ్లాను. ప్లాస్టిక్ పట్టా మామూలుగా వేలాడుతోంది. దాని నిండా సొట్టలే, మొదటి నుంచీ. ఏది కొత్తదో ఏది పాతదో ఎవరు చెప్పగలరు? పక్క గదిలో దుంగలు, కింద ఖాళీ. వాసన లేదు. రోషన్‌లో మాత్రం ఆ మిగిలిన పలక బిగించి ఉంది. నేనే బిగించి ఉండాలి. నా పనే, నా చేతి వాటమే. బిగించిన గుర్తు లేదు.

సాయంత్రం అమ్ సాలిహ్‌తో చెప్పకుండా ఉండలేకపోయాను. యూసుఫ్ భాయ్ అంతా చెబుతుంటే ఆయన కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. నిజమా అని అడగలేదు. భయపడ్డావా అని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆయనకు నువ్వేం చెప్పినావు అంటాండాడు."

"నువ్వు విన్నదే చెప్పు భాయ్."

చెప్పాడు. అందరూ బాగున్నారని. పెద్దాయన కుర్చీలోంచి కష్టపడి లేచి, నా తల దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. అల్‌హమ్దులిల్లా అన్నాడు. దేవుడి దయ అని, రెండుసార్లు అన్నాడు. కూతురి పేరు మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా అని అడిగించాను. ఆడవాళ్ల పేర్లు బయట చెప్పుకునే అలవాటు అప్పట్లో లేదు, ఎవరికీ తెలియదు అన్నాడు.

ఆ రాత్రే అన్నయ్యకు ఫోన్ చేశాను. నాన్న అచ్చులు ఉన్నాయా అని అడిగాను. "చెద పట్టినవి పోగా ఓ ముప్పై దాకా ఉన్నాయిరా. ఇన్నాళ్లకి గుర్తొచ్చాయా?" అన్నాడు. వాటిని కిందికి దింపి పొడిచోట పెట్టమన్నాను.

సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు బందరు వెళ్లాను. పాత తెల్లవాళ్ల సమాధుల్లో వెతికాను. పేర్లు సగం అరిగిపోయాయి. ఏ పేరు కోసం వెతుకుతున్నానో నాకే తెలియదు. రేవు దాకా వెళ్లి వలలు బాగుచేసుకుంటున్న వాళ్లను అడిగాను, ఫలానా దొర ఇల్లెక్కడుండేదో ఎవరైనా చెప్పుకుంటారా అని. "ఉప్పెనకి ముందు సంగతులు ఎవరికి తెలుస్తాయండీ ఇప్పుడు," అన్నారు. నిజమే.

నన్ను భయపెట్టేది ఆ గొంతు కాదు. ఇప్పుడు తలచుకుంటే దాని మీద జాలే ఉంది నాకు. భయపెట్టేది ఆ గంట. ఆ గంటసేపు నా నోటితో మాట్లాడింది ఎవరు? నేనే అయితే, ఒక ముసలివాడి మొహం మీద అంత అబద్ధం ఎలా చెప్పాను? నేను కాకపోతే... అది అబద్ధమేనా? ఆ పిల్ల బతికే ఉందేమో. పెళ్లయ్యిందేమో. నాకేం తెలుసు?

పోయిన నెల యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు. ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా కడప వెళ్లిపోతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు. చివర్లో, ఇక పెట్టేస్తానన్నాక, ఆగాడు.

"మేస్త్రీ, ఒక మాట నీకు చెప్పలా. భయపడ్తావని చెప్పలా. ఆ పొద్దు రాత్రి నువ్వు మెట్లు దిగి వస్తా నాతో ఒకటి చెప్పినావు, ఆ తర్వాతే కూలబడినావు."

"ఏం చెప్పాను భాయ్?"

"తలుపు గొళ్లెం పెట్టొద్దు, దొరగారు రేవుకు పోవాల అంటివి."

యూసుఫ్ భాయే మళ్లీ అందుకున్నాడు.

"నేనిట్లాంటివి నమ్మను. నీకు తెలుసు. అయినా... పెట్టలా. తెల్లారి ఫజర్ బాంగు దాకా తలుపు బార్లా తీసి పెట్టి, మంచం మీద కూర్చోనే ఉన్నా."

"ఎవరైనా వెళ్లారా?"



"ఎవరూ కనపడలా మేస్త్రీ," అన్నాడు. "కానీ నేను రెండుతూర్లు లేచి నిలబడినా. ఎందుకు లేచినానో నాకు తెలీదు. పెద్దోళ్లు మన ముందర నుంచి పోతాంటే లేస్తాం చూడు... అట్ల."